నయం కాని కాలికి క్లినిక్ ఎందుకు?

(మన సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో బోదకాళ్ళ క్లినిక్ ఉపసంఘం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



మాకిచ్చిన సమయం తక్కువ గనుక ఉపోద్ఘాతం లేకుండా విషయానికి వస్తాము. బోదకాళ్ళ క్లినిక్‌ను వచ్చే సంవత్సరం కూడా నడపాలా, లేక ఆ డబ్బును కంటి శిబిరాలకు, కుట్టుమిషన్లకు మళ్ళించాలా అన్న ప్రశ్న ఈ రోజు ఎజెండాలో వున్నది. ఈ ప్రశ్న వేసిన సభ్యులు మాకు విరోధులు కారు. వారిలో ఇద్దరు క్లినిక్‌కు మొదటి బల్ల, మొదటి కుర్చీలు ఇచ్చినవారే. వారు అడిగేది సూటిగానే వుంది. కంటి శిబిరం పెడితే మర్నాడు పట్టీ విప్పగానే మనిషికి చూపు వస్తుంది. కుట్టుమిషను ఇస్తే ఆ ఇంటికి సంపాదన వస్తుంది. మీ క్లినిక్‌లో ఏళ్ళ తరబడి అవే కాళ్ళు, అదే వాపు. నయమైన వారి పేరు ఒక్కటి చెప్పండి, అని.

ఒక్క పేరూ చెప్పలేము. ముదిరిన బోదకాలు తిరిగి మామూలు కాలు కాదు. ఈ మాట మేము రోగికి మొదటి రోజునే చెప్తాము. చెప్పకపోతే రెండు నెలలు వచ్చి, కాలు సన్నబడలేదని మళ్ళీ నాటు మందుకు, వాతలకు, కత్తిగాట్లకు పోతారు. అలా పోయి పుండ్లతో తిరిగి వచ్చినవారిని చూశాము. అయితే నయం కాదన్న మాటకూ, చేయగలిగింది ఏమీ లేదన్న మాటకూ చాలా దూరం వున్నది. ఆ దూరంలోనే మా క్లినిక్ నడుస్తున్నది.

అసలు కాలు ఎందుకు వాస్తుందో మన డెల్టావాళ్ళకు చెప్పడం తేలిక. పంట కాలువ చేలోకి నీరు తెస్తుంది. మిగిలిన నీటిని మురుగు కాలువ తీసుకుపోతుంది. పంట కాలువ ఎంత బాగున్నా మురుగు కాలువలో గుర్రపుడెక్క నిండితే చేను మునిగి పంట కుళ్ళుతుంది. శరీరంలోనూ అంతే. గుండె పంపిన రక్తం నుంచి కొంత నీరు కండలోకి, చర్మం కిందికి ఊరుతుంది. అందులో మిగిలినదాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నని గొట్టాలు వున్నాయి. ఆ నీటినే లింఫ్ అంటారు, స్కూలు పుస్తకాల్లో శోషరసం అని రాస్తారు. ఈ గొట్టాలకు గుండెలాంటి పెద్ద పంపు లేదు. వాటి గోడల సన్నని కదలికతో, నడిచేటప్పుడు కండలు నొక్కడంతో, లోపలున్న చిన్న చిన్న కవాటాల సాయంతో లింఫ్ పైకి ఎక్కుతుంది. ఆ కవాటాలు చెడితే నీరు కిందనే నిలిచి, చర్మం దళసరి ఎక్కి, మడతలు పడుతుంది. దీన్నే డాక్టర్లు లింఫెడీమా అంటారు.

మన ప్రాంతంలో వాటిని ఎక్కువగా చెడగొట్టేది పైలేరియా పురుగు. దారపు పోగులా సన్నగా వుండే ఆ పురుగులు లింఫ్ గొట్టాల్లో కాపురం పెట్టి ఏళ్ళ తరబడి బతుకుతాయి. వాటి పిల్లలు రాత్రిపూట రక్తంలో తిరుగుతాయి. అందుకే పూర్వం పైలేరియా సిబ్బంది రాత్రి పది దాటాక తలుపు తట్టి వేలు గుచ్చి రక్తం తీసుకునేవారు. ఆ మాట ఇక్కడ పెద్దవారికి గుర్తుండే వుంటుంది. ఒకరి నుంచి మరొకరికి మోసేది క్యూలెక్స్ దోమ. ఈ రోగాన్ని దోమ మోస్తుందని 1877లో పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు చైనాలో కనిపెట్టాడు. క్యూలెక్స్‌కు మంచినీటి కంటే మురుగునీరే ఇష్టం. నిలిచిపోయిన డ్రెయిన్లు, మూతలేని సెప్టిక్ ట్యాంకులు దాని పుట్టిళ్ళు. మన మసీదు వజూఖానా వెనక నీరు పోయే చోటు కూడా అందులో ఒకటి. ఆ కాలువకు వాలు సరిచేయించమని కమిటీకి రెండుసార్లు చెప్పాము. ఈ సభలో మూడోసారి చెప్తున్నాము.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. వాచిన కాలున్న మనిషిని ముట్టుకుంటే రోగం అంటదు. ఆమె తాగిన గ్లాసుతో తాగితే అంటదు. మంచం మీద కూర్చుంటే అంటదు. ఇంకా చెప్పాలంటే, ముదిరిన బోదకాలు వున్న చాలామంది రక్తంలో పురుగు పిల్లలే కనిపించవు. పురుగు ఎప్పుడో చచ్చిపోయి వుంటుంది, అది చేసిన నష్టం మిగిలింది. రోగాన్ని దోమకు అందించేవారు ఎక్కువగా ఏ వాపూ లేకుండా మన మధ్య నిక్షేపంగా తిరుగుతున్నవారు. అంటే పెళ్ళి విందులో బోదకాలు ఖాలాను వేరే చాప మీద కూర్చోబెట్టినవారి రక్తంలోనే అది వుండవచ్చు.

పురుగుకు మందు లేదా అంటే వుంది. డి.ఇ.సి. మాత్ర. హెట్రజాన్ పేరుతో అది 1947లో వెలుగులోకి వచ్చింది. అమెరికాలో లెడర్లీ లాబొరేటరీస్‌లో ఆ పరిశోధనను నడిపించిన శాస్త్రజ్ఞుడు మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. బోదకాళ్ళు ఇంటింటా కనిపించే గోదావరి గడ్డ మీద పుట్టిన మనిషి చేతి మీదుగా లోకానికి ఆ మందు రావడం మనకు గర్వకారణం. మందు వచ్చిన మరుసటి ఏడు, 1948లో, ఆయన కన్నుమూశారు.

కాని ఆ మాత్ర పురుగు మీద పని చేస్తుంది, చెడిపోయిన కవాటాన్ని బాగుచేయదు. పురుగు లేని కాలికి ఏళ్ళ తరబడి మాత్రలు మింగినా వాపు పోదు. "ఎన్ని మాత్రలు మింగానండీ, ఏమీ లాభం లేదు" అని మా దగ్గర వాపోయేవారికి అదే చెప్తాము.

మరి కాలు ఏడాదికేడాది పెరుగుతూ పోవడానికి కారణం ఏమిటి? ఇదే మీరు ముఖ్యంగా వినవలసిన సంగతి. మన ఇళ్ళలో "బోద జ్వరం" అంటారు. ఉన్నట్టుండి చలి వేసి వణికిస్తుంది. గజ్జల్లో బిళ్ళ కడుతుంది. కాలు ఎర్రబడి నిప్పులా కాలిపోతుంది. నాలుగు రోజులు, వారం రోజులు మంచం దిగనీయదు. ఇది అమావాస్యకు, పున్నానికి వస్తుందని పెద్దలు నమ్మేవారు. పురుగే కాటేస్తున్నదనుకుని డి.ఇ.సి. మింగేవారు ఇప్పటికీ వున్నారు. జ్వరం వున్నప్పుడు ఆ మాత్ర వేసుకోకూడదు. ఈ జ్వరాల్లో ఎక్కువ భాగం పురుగు వల్ల వచ్చేవి కావు. కాలి వేళ్ళ సందులు ఒరిసి, తెల్లగా పాచిపోయి, చర్మం చిట్లుతుంది. ఆ చిట్లిన సందులోంచి సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. లింఫ్ నిలిచిపోయిన కాలు వాటిని తోసివేయలేదు. ఒక్కో జ్వరం వచ్చి పోయినప్పుడల్లా మిగిలిన గొట్టాలు మరికొన్ని చెడతాయి, కాలు మరికాస్త లావవుతుంది.

మా రిజిస్టరులో ఒక్కో మనిషికి రెండు గడులు వుంటాయి. ఒకదానిలో కాలి కొలత. మడమ నుంచి పైకి ప్రతి నాలుగు సెంటీమీటర్లకు దర్జీ టేపుతో కొలిచి రాస్తాము. రెండోదానిలో ఆ నెలలో వచ్చిన జ్వరాలు, పనికి పోలేని రోజులు. నయమైన పేరు చెప్పమన్న సభ్యులు మొదటి గడి చూస్తున్నారు. రెండో గడి చూడమని మా మనవి. నెలకోసారి మంచాన పడే మనిషి ఏడాదికి ఒకసారికి వచ్చిందనుకోండి. కాలు లావుగానే వుండవచ్చు. కాని ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, పిల్ల బడికి పోతుంది, అప్పులవాడు గుమ్మం తొక్కడు. మంచానికి పోయే కూలిడబ్బులు తిరిగి ఇంటికి రావడాన్ని సంపాదన అనరా? కుట్టుమిషను ఇచ్చేదీ అదే కదా.

రొయ్యల షెడ్డులో పనిచేసే ఒక సోదరి సంగతి చెప్తాము, పేరు వద్దు. తెల్లవారింది మొదలు నీళ్ళలో నిలబడి రొయ్యలు వొలిచే పని. వేళ్ళ సందులు ఎప్పుడూ పాచిపోయే వుండేవి. జ్వరం వచ్చిందంటే వారం కూలి పోయేది. "మందు రాయండి సార్, కడుక్కోవడం నాకు తెలియదా ఏమిటి, రోజంతా నీళ్ళలోనే గదా వుంటాను" అని మొదట్లో మా నర్సును కోప్పడింది. నీళ్ళలో నానడం వేరు, కడుక్కుని ఆరబెట్టుకోవడం వేరు అని నచ్చజెప్పడానికి ఆరు ఆదివారాలు పట్టింది. తర్వాత షెడ్డువారిని బతిమాలితే ఆమెను కాటా దగ్గర పొడి చోటుకు మార్చారు. కాలు కొలతలో పెద్ద తేడా లేదు. జ్వరాల గడి మాత్రం చాలా నెలలుగా ఖాళీగా వున్నది.

ఈ కడగడం అనే విద్య చూడడానికి చిన్నది, చేయడానికి ఓపిక కావాలి. మామూలు ఒంటి సబ్బు, శుభ్రమైన చల్లనీళ్ళు చాలు. మరిగే నీళ్ళు వద్దు, బ్రష్షు వద్దు, ఇటుకముక్కతో రుద్దడం అసలే వద్దు. మోకాలి నుంచి కిందికి మెల్లగా, ప్రతి మడత లోపలా, ప్రతి వేలి సందులోనూ సబ్బు పోనివ్వాలి. నీరు తేటగా వచ్చేదాకా కడగాలి. తర్వాత మెత్తని నూలుగుడ్డతో అద్ది తుడవాలి. సందుల్లో గుడ్డకొన దూర్చి తడి లేకుండా చేయాలి. మడత లోతుగా వుంటే విసనకర్రతో ఆరబెట్టాలి. పాచిన చోట విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంటో, డాక్టరు రాసిన మరొక మందో పల్చగా రాయాలి. తీరా చూస్తే ఖర్చు సబ్బుబిళ్ళకే. కాని ఒంటరిగా వున్న ముసలి మనిషి వొంగి తన కాలి చిటికెన వేలు అందుకోలేదు. అందుకని మేము రోగి ఒక్కరినే రమ్మనము. ఇంట్లో చేసిపెట్టేవారు ఎవరో ఒకరు, కోడలు గాని, మనవడు గాని, వెంట రావాలంటాము. క్లినిక్‌లో మేము కడిగేది ఒక్కసారే. మిగతా మూడువందల చిల్లర రోజులు ఇంట్లో కడగాలి. మా పని వాళ్ళ చేతులకు నేర్పడం.

వజూ సంగతి చాలామంది అడిగారు. రోజుకు అయిదుసార్లు కాళ్ళు కడుగుతున్నాం గదా, మాకెందుకు వచ్చిందీ రోగం అని. రోగం వచ్చింది దోమ వల్ల. కాని వజూ ఈ కాలికి గొప్ప సాయం చేయగలదు. కాలి వేళ్ళ మధ్య ఎడమచేతి చిటికెన వేలు దూర్చి ఖిలాల్ చేయడం సున్నత్ అని మనకు చిన్నప్పుడే నేర్పారు. తొందరలో మనలో ఎంతమంది మి చేస్తున్నామో ఎవరికి వారు తెలుసుకోవాలి. మా నర్సు వేలి సందులు చూపించేటప్పుడు "ఖిలాల్ చేసినట్టు చేయండి" అంటే మన ఆడవాళ్ళకు ఇట్టే తెలుస్తుంది. వేరే పాఠం అక్కర్లేదు. లోటు ఎక్కడంటే తుడుచుకోవడంలో. తడికాలితోనే చెప్పులో దూర్చి బజారుకు పోతారు. బోదకాలున్న సోదరుడు మసీదుకు వచ్చేటప్పుడు తన సొంత చిన్న తుండు తెచ్చుకోవాలి. వజూఖానాలో వేలాడే ఉమ్మడి తువ్వాలు వద్దు, ఒకరి కాలి తామర మరొకరికి అంటించేది అదే. అక్కడ కుళాయి దగ్గర ఎత్తు పీటలు రెండు వేయిస్తే లావు కాలువారు పడిపోకుండా కూర్చుని కడుక్కుంటారు.

రెండో పని కట్టు కట్టడం. మందుల షాపుల్లో దొరికే సాగే క్రేప్ బ్యాండేజి దీనికి చాలదు, జారిపోతుంది. కొద్దిగా మాత్రమే సాగే పట్టీలను, కింద దూది పొర వేసి, వేళ్ళ దగ్గర బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా, పొరలు పొరలుగా చుట్టాలి. ఆ కట్టుతో నడిస్తే కండ కట్టును లోపలి నుంచి నెడుతుంది, నీరు పైకి కదులుతుంది. మన నూర్‌బాషా సోదరులు దూది ఏకే పనిలో తరతరాల నేర్పరులు. వారిలో ఒక పెద్దాయన మాకు సమంగా పరచిన దూది పొరలు చేసి ఇస్తున్నారు. కొన్నదానికంటే అదే నయమని నర్సు అంటుంది. దూది పొర సమంగా లేకపోతే కట్టు ఒకచోట కోసుకుపోతుంది మరి. కట్టు అందరికీ కట్టము. పాదంలో నాడి సరిగా అందనివారికి, గుండె జబ్బు ముదిరినవారికి, జ్వరంతో కాలు ఎర్రగా వున్నవారికి కడితే ప్రమాదం. చక్కెర వ్యాధి వున్నవారిని ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఇది అనుభవం వున్న చెయ్యి చేయవలసిన పని.

ఈ కట్టు వల్ల మాకు ఒక చిక్కు వచ్చింది. నమాజ్‌కు వజూ చేయాలని మధ్యాహ్నానికే కట్టు విప్పేసేవారు. మళ్ళీ కట్టడం రాక అలాగే వుండిపోయేవారు. కట్టమన్న మేమే నమాజ్‌కు అడ్డం వచ్చినట్టయింది. ఇమాం సాహెబ్ గారిని అడిగాము. విప్పితే హాని కలిగే కట్టు మీద తడిచేత్తో మసహ్ చేస్తే చాలునని, తషహ్హుద్‌లో కాలు మడవలేనివారు కుర్చీ మీద నమాజ్ చేయవచ్చునని వారు చెప్పడమే కాకుండా ఒక జుమ్మా నాడు అందరి ఎదుటా చెప్పారు. ఆ ఒక్క మాటతో మా పట్టీలు కాళ్ళ మీద నిలిచాయి. జజాకల్లాహ్. జ్వరం వచ్చినప్పుడు రోజాల విషయం కూడా వారినే అడగండి, ఎవరికి వారే ఫత్వా ఇచ్చుకోకండి.

ఇక మంచానికి కాళ్ళవైపు రెండు ఇటుకలు పెట్టి ఎత్తు చేసుకోవడం, కూర్చున్నప్పుడు కాలు వేలాడనీయకుండా పీట మీద పెట్టుకోవడం, మడమ ఎత్తి దించడం, మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు వేసుకోవడం, ఇవి చెప్పినంత తేలికే. నూనె పెట్టి గట్టిగా మాలిషు చేయించుకోవద్దు. లింఫ్‌ను కదిలించే మర్దన చాలా మెత్తనిది, అదీ కాలి దగ్గర కాదు, ముందు పైన మొదలుపెట్టాలి. యూరప్‌లో వోడర్ దంపతులు 1930లలో ఆ పద్ధతిని తెచ్చారు. కేరళలో కాసరగోడులోని ఒక సంస్థ ఇదే జబ్బుకు కడగడం, యోగాసనాలు, ఆయుర్వేదం, కట్టు అన్నీ కలిపి ఇంట్లో చేసుకునే విధంగా నేర్పుతున్నది. పెద్ద మిషన్లు లేని చోట కూడా ఈ పని సాగుతుందనడానికి అదొక నిదర్శనం.

వాచిన ప్రతి కాలూ బోదకాలు కాదు. రెండు కాళ్ళూ ఒకేసారి వాచి, వేలితో నొక్కితే గుంట పడితే గుండె, మూత్రపిండాలు, కాలేయం చూపించుకోవాలి. అటువంటివారిని మేము పెద్దాసుపత్రికి పంపుతాము. వరిబీజం వున్న మగవారికి ఆపరేషనుతో మేలు జరుగుతుంది. సిగ్గుపడి పంచెలో దాచుకుని తిరగవలసిన పని లేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారు, ఉత్తరం మేమిస్తాము. ఈ మధ్య చేతులు వాచిన స్త్రీలు కూడా వస్తున్నారు. రొమ్ము క్యాన్సరుకు ఆపరేషన్ చేసి చంకలో బిళ్ళలు తీసినా, కరెంటు పెట్టినా, అటువైపు చేతి నుంచి లింఫ్ పోయే దారి తగ్గుతుంది. దానికి పురుగుతో సంబంధం లేదు. గాజులు బిగిసిపోతున్నాయని మొదట తెలుస్తుంది. అప్పుడే వస్తే చాలావరకు అదుపులో పెట్టవచ్చు. వాళ్ళకూ బోదే వచ్చిందని చుట్టుపక్కలవారు ప్రచారం చేయకుండా వుంటే అదే పెద్ద సాయం.

ఆడపిల్లల విషయం చెప్పకుండా ముందుకు పోలేము. మడమ దగ్గర కాస్త వాపు కనిపించగానే తల్లి దాన్ని దాచిపెడుతుంది. సంబంధాలు తప్పిపోతాయని భయం. ఆ భయం వూరికే వచ్చింది కాదు, నిశ్చయమైన సంబంధాలు వెనక్కి పోవడం మనందరం చూసినదే. బురఖాలో కాలు దాగుతుంది గాని లోపల వేలిసందు పాచిపోవడం దాగదు. మొదటి వాపు వున్న రోజుల్లో కడిగి, కట్టి, జ్వరాలు రానీయకుండా చూస్తే కాలు చాలావరకు అక్కడే ఆగుతుంది. పెళ్ళయ్యేదాకా దాచి, ఇద్దరు పిల్లల తర్వాత తెస్తే అప్పుడు మేము చేయగలిగింది కొంచెమే. అందుకోసమే స్త్రీలకు వేరే గది, వెనక నుంచి వేరే తలుపు పెట్టాము. చూసేది, కడిగేది, కట్టేది నర్సే. డాక్టరుగారు అవసరమైనంత వరకే, తోడు వచ్చిన మనిషి ఎదుట చూస్తారు. రిజిస్టరులో పేరు బదులు నెంబరు వుంటుంది. తల్లులారా, అక్కలారా, ఆ తలుపు మీకోసం తెరిచి వున్నది.

డబ్బు సంగతికి వస్తాము. జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాని చేతికి చేరి అతని సొంతం కావాలని మన హనఫీ ఉలమాలు చెప్తారు. అందుచేత పట్టీలు, మందులు, చెప్పులు జకాత్ నుంచి కొని అర్హులైన ముస్లింలకు వారి సొంతంగా ఇస్తున్నాము. క్లినిక్‌కు హిందూ సోదరులు, క్రైస్తవ సోదరులు కూడా వస్తారు. వారికి ఇచ్చే సామాను సదఖాల నుంచి, చందాల నుంచి ఇస్తాము, ఇచ్చే తీరులో ఏ తేడా వుండదు. ఆ చందాల్లో బజారులోని హిందూ వర్తకులవి కూడా వున్నాయి, ఒక మందుల షాపాయన కొన్న ధరకే ఆయింట్‌మెంటు ఇస్తున్నారు. కాని నర్సు జీతం, గది అద్దె, కరెంటు బిల్లు జకాత్ నుంచి ఇవ్వకూడదు, ఇవ్వడం లేదు. ఇవి సొసైటీ సాధారణ నిధి నుంచే రావాలి. ఇప్పుడు మళ్ళించమంటున్నది సరిగ్గా ఆ నిధినే. అంటే రంజాన్‌లో వచ్చిన జకాత్‌తో బీరువా నిండా పట్టీలు వుంటాయి, కట్టే చెయ్యి వుండదు. సామాను వుండి మనిషి లేని క్లినిక్ నడవదు. మూసివేయాలనుకుంటే మూసివేయండి, కాని ఈ లెక్క తెలిసి నిర్ణయించండి.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనడం న్యాయం కాదు. ముదిరిన బోదకాళ్ళవారికి తెలుగు రాష్ట్రాలు రెండూ పింఛను ఇచ్చే పద్ధతి పెట్టాయి. కాగితాలు పూర్తి చేయడంలో మన యువజన విభాగం సాయపడుతున్నది. దేశంలో పైలేరియా నివారణ కార్యక్రమం 1955 నుంచి వున్నది. 2004 నుంచి ఏడాదికొకసారి ఇంటింటికీ డి.ఇ.సి. మాత్రలు, 2007 నుంచి దానితో ఆల్బెండజోల్ ఇస్తూ వచ్చారు. 2018 నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ అనే మూడో మందు కూడా చేర్చారు. ఊళ్ళో అందరూ ఒకేసారి మింగితే రక్తంలో పురుగు పిల్లలు తగ్గి, దోమకు మోయడానికి సరుకు దొరకదు. మా క్లినిక్ వున్న కాళ్ళను చూసుకుంటుంది. కొత్త కాళ్ళు వాయకుండా చేసేది ఆ మాత్ర.

బాధ కలిగించే విషయం ఏమిటంటే, ఆ మాత్రలు మన వాడల్లోనే ఎక్కువగా కాలవ పాలవుతున్నాయి. కార్యకర్త ముందు చేతిలోకి తీసుకుంటారు, "అన్నం తిన్నాక వేసుకుంటాం లేమ్మా" అంటారు, ఆమె వీధి మలుపు తిరగగానే పారేస్తారు. పిల్లలు పుట్టకుండా చేస్తాయని ఎవరో అన్నారట. అవే మాత్రలు పక్క వీధిలో అన్ని మతాలవారికీ ఇస్తున్నారు. బంగ్లాదేశ్‌లో 2001 నుంచి ఇవే రెండు మాత్రలు కోట్లమంది ముస్లింలు మింగారు. ప్రజారోగ్య సమస్యగా బోదవ్యాధిని తొలగించిన దేశంగా 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారిని గుర్తించింది. అక్కడ ఊయలలు ఖాళీగా లేవు. మాత్ర వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి రావడం నిజమే. చాలావరకు అది లోపలి పురుగు పిల్లలు చచ్చినందువల్ల వచ్చేది, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో మంచాన వున్నవారికి ఇవ్వరు. మిగతావారు ఏదైనా తిన్న తర్వాత, కార్యకర్త ఎదుటే వేసుకోవాలి. పదిహేనేళ్ళు దాటినవారికి డి.ఇ.సి. మాత్రలు మూడు, ఆరు నుంచి పద్నాలుగేళ్ళవారికి రెండు, రెండు నుంచి అయిదేళ్ళవారికి ఒకటి. ఈసారి కార్యకర్తలు వచ్చే రోజున ఉపసంఘం సభ్యులం ముందుగా మసీదు మెట్ల దగ్గర అందరి ఎదుటా మేమే వేసుకుంటాము. పెద్దలు కూడా వచ్చి పక్కన నిలబడాలి.

సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి దోమతెర ముక్క కట్టండి, అరగజం గుడ్డతో అయ్యే పని. ఇళ్ళలో పాత మెత్తని నూలు చీరలు, లుంగీలు వుంటే ఉతికి పంపండి. కాళ్ళు తుడవడానికి అవే బాగుంటాయి.

ఓటింగు వచ్చే నెల సమావేశంలో జరుగుతుందని కార్యదర్శిగారు చెప్పారు. ఈలోగా నాలుగు ఆదివారాలు వున్నాయి. ఉదయం తొమ్మిది నుంచి జొహర్ వరకు క్లినిక్ తెరిచే వుంటుంది. అభ్యంతరం చెప్పిన సభ్యులు ఏదో ఒక ఆదివారం వచ్చి రెండు గంటలు కూర్చోవాలని కోరుతున్నాము. రిజిస్టరు వారి ముందు పెడతాము, రెండో గడి వారే కూడి చూడవచ్చు. స్త్రీల గదిలోకి మగవారిని రానివ్వము గనుక వారి ఇళ్ళ నుంచి ఒక ఆడమనిషిని కూడా వెంట తీసుకురావాలి. ఆ తర్వాత వారు ఏ చెయ్యి ఎత్తినా మాకు సమ్మతమే.